చివరి పన్ను మీద నీలం చుక్క

మా వీధిలో మా మామయ్యగారిని పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ లేరు. అందరికీ ఆయన పళ్ళ మాస్టారే. నలభై రెండేళ్ళు కట్టుడు పళ్ళు చేశారు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపితే, మా ఇంటి వెనక గదిలో కూర్చుని అందులో ప్లాస్టర్ పోసి, మైనం మీద ఒక్కొక్క పన్నూ నిలబెట్టి, ఉడికించి, అరగదీసి, మెరుగు పెట్టి సెట్టు తయారు చేసేవారు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మూడో నెలలో నా వంట తిని, "నీ చెయ్యి గరిటెకంటే మైనం కత్తికి బాగా పనికొస్తుందమ్మాయ్" అన్నారు. రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చున్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అది ఆయనకీ తెలుసు. మూడో రోజు వెనక గదిలో ఆయన స్టూలు పక్కన ఇంకో స్టూలు కనిపించింది. పద్దెనిమిదేళ్ళుగా అది నాదే.

పనిలో ఆయనంత చాదస్తుణ్ణి నేను చూడలేదు. సెట్టు వదులైందని ఎవరైనా కబురు పెడితే ఆ పూట ఆయనకి ముద్ద దిగేది కాదు. మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకి తనే వెళ్ళేవారు. ఒక గోధుమరంగు సంచి, అందులో చిన్న అరగదీసే మిషను, మైనం, అద్దం, నీలం కాగితం. సెట్టు పెట్టాక ఆ కాగితం పళ్ళ మధ్య ఉంచి కొరకమంటే, ఎక్కడ ఎత్తుగా ఉందో అక్కడ నీలం మచ్చ పడుతుంది. ఆ మచ్చ ఉన్నచోట అరగదీస్తారు. ఇది అందరూ చేసేదే. మా మామయ్య సొంత కిటుకు ఒకటుండేది. పనంతా అయ్యాక మచ్చలన్నీ తుడిచేసి, ఎడమవైపు చివరి పన్ను గుంటలో మాత్రం చిన్న చుక్క పెట్టి వదిలేసేవారు. రెండు పూటలు నమిలి తింటే ఆ చుక్క పోతుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు చుక్క అలాగే ఉందంటే, ఆ మనిషి పళ్ళు పెట్టుకోవడం లేదన్నమాట. ఎందుకు పెట్టుకోవడం లేదు అంటే ఆయనకి ఒక్కటే జవాబు. సెట్టు బాగా కుదరలేదు. తప్పు తనది.

ఆ చాదస్తమే ఆయన కళ్ళు కప్పింది.

టైపు టీచరమ్మ అని ఒకావిడ ఉండేది. ఊళ్ళో సగం ఆఫీసుల గుమాస్తాలు ఆవిడ దగ్గర టైపు నేర్చుకున్నవాళ్ళే. తుంటి విరిగి మంచాన పడ్డాక కొడుకు చూసుకునేవాడు. కూతురు వేరే ఊళ్ళో ఉండి వారానికోసారి ఫోన్ చేసేది. ఒకసారి ఆ కూతురే మా మామయ్యకి ఫోన్ చేసి, ఫోన్లో అమ్మ మాట ముద్దముద్దగా వస్తోందనీ, సెట్టు వదులైనట్టుందనీ, వెళ్ళి చూడమనీ అడిగింది. వెళ్ళారు. నిజంగానే వదులుగా ఉంది. లోపల పూత వేసి బిగించి, చుక్క పెట్టి వచ్చారు. రెండు నెలలకి మళ్ళీ అదే ఫోను. వెళ్ళి చూస్తే చుక్క అలాగే ఉంది, సెట్టు మళ్ళీ వదులైంది. మళ్ళీ పూత. ఆరు వారాలకి మూడోసారి. మామూలుగా చిగుళ్ళు అరిగి సెట్టు వదులవడానికి ఏళ్ళు పడుతుంది. ఆరు వారాల్లో వదులైందంటే మనిషి చిక్కిపోతోందని అర్థం. అది ఆయనకి తట్టలేదు. ఇంటికొచ్చి తన పూతనే తిట్టుకున్నారు.

తట్టలేదంటే కనపడలేదని కాదు. అన్నీ చూశారు. చూసినవన్నీ భోజనాల దగ్గర నాకు చెప్పారు కూడా. ఆవిడ కుర్చీ కిటికీ వైపు కాకుండా గోడ వైపు తిప్పి ఉందట. ఫోను కొడుకు గదిలోకి మారిందట. ఆవిణ్ణి ఏది అడిగినా కొడుకే జవాబు చెప్పాడట, పొద్దున్న పదింటికే అతని దగ్గర మందు వాసన వచ్చిందట. గది తలుపుకి బయటవైపు కొత్త గడియ పెట్టారట. ఆ గడియ గురించి ఆయన ఏం చెప్పారో నాకు ఇప్పటికీ గుర్తు. స్క్రూలు నాలుగూ వంకరగా బిగించారనీ, చేసే పని తిన్నగా చెయ్యడం ఈ రోజుల్లో ఎవరికీ రాదనీ గొణుక్కున్నారు. నేనేమైనా తక్కువా? అవునండీ అంటూ మజ్జిగ పోశాను. ముసలావిడ గదికి బయటవైపు గడియ ఎందుకని నేనూ అడగలేదు.

మూడోసారి వెళ్ళొచ్చిన పదిహేను రోజులకి ఆవిణ్ణి ఆసుపత్రిలో చేర్చారు. స్పృహ తప్పితే పక్కింటివాళ్ళు తలుపు తీయించారట. బరువు ముప్పై కిలోలు కూడా లేదు. సెట్టు చూడమని డాక్టరు మామయ్యని పిలిపిస్తే సంచి మోసుకుంటూ నేనూ వెంట వెళ్ళాను. కొడుకు ఒక స్టీలు డబ్బా తెచ్చి మామయ్య చేతికిచ్చాడు. సెట్టు బీరువా మీద ఆ డబ్బాలోనే ఉండేదట. మామయ్య వెళ్ళే రోజున మాత్రమే కిందికి దిగేదట. పళ్ళుంటే భోజనానికి గంట పడుతుంది, లేకపోతే పది నిమిషాల్లో ఏదో ఇంత జావ పోసెయ్యొచ్చు. పళ్ళుంటే మాట స్పష్టంగా వస్తుంది, కిటికీలోంచి పిలిస్తే వీధిలోకి వినపడుతుంది. మామయ్య డబ్బా తెరిచి చూశారు. చివరి పన్ను మీద చుక్క, నిన్న పెట్టినంత కొత్తగా ఉంది.

నాలుగు రోజులకి ఆవిడ కాస్త తేరుకున్నాక మేము మళ్ళీ వెళ్ళాం. మామయ్య చేతులు కట్టుకుని మంచం పక్కన నిలబడ్డారు. ఆవిడ ఆయన వంక చూసింది.

"మీరొచ్చిన ప్రతిసారీ మీ చెయ్యి పట్టుకున్నానండీ మాస్టారూ" అంది.

నిజమే. మూడుసార్లూ పట్టుకుందని ఆయనే నాతో చెప్పారు. టైపు కొట్టిన వేళ్ళు కదా, పట్టు ఎంత గట్టిదో అని మెచ్చుకున్నారు కూడా. నొప్పెట్టి పట్టుకుందనుకుని మెల్లిగా అరగదీశారు.

కొడుకుని ఆవిడ ఒక్క మాట అనలేదు. చిన్నప్పుడు వాణ్ణి అక్షరం తప్పు రాసినప్పుడల్లా స్కేలుతో కొట్టేదాన్నని, ఎవరూ అడక్కుండానే చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. అందుకని ఇప్పుడు ఆకలితో మాడ్చి చంపుతాడా అని అక్కడే అనబోతే మామయ్య చేత్తో ఆపారు. ఆ తర్వాత ఆయన ఒంటరిగా ఆ కొడుకు దగ్గరికి కూడా వెళ్ళారు. అతను అచ్చాఫీసులో పుస్తకాలకి అట్టలు వేసేవాడు. తండ్రి మంచాన పడితే పని మానేశాడు. తండ్రి పోయాక తల్లి పడింది. మొత్తం ఆరేళ్ళు. ఒక్క రోజు సెలవు లేదు, ఒక్క పూట మార్చుకునే మనిషి లేడు, తల్లి పెన్షను తప్ప వేరే ఆధారం లేదు. అక్క ఫోన్ చేసి అమ్మ తిందా అని అడిగేది తప్ప నువ్వు తిన్నావా అని ఎప్పుడూ అడగలేదట. ఇదంతా విని వచ్చి మామయ్య ఒక్క మాటే అన్నారు. "వాడు చేసింది తప్పే అమ్మాయ్. కానీ ఆ తప్పు ఆ ఇంట్లోకి రావడం నేను మూడుసార్లు చూశాను."

టీచరమ్మ కూతురింటికి వెళ్ళి ఇంకో ఏడు నెలలు బతికింది. మామయ్య కొత్త సెట్టు చేసి స్వయంగా పట్టుకెళ్ళి ఇచ్చారు.

ఆ తర్వాత ఆయన పనిచేసే పద్ధతే మారిపోయింది. ఏ ఇంటికెళ్ళినా సంచి తెరవకముందే, చూసుకుంటున్న మనిషిని కూర్చోబెట్టి మాట్లాడేవారు. "మీరు నిద్రపోయి ఎన్నాళ్ళైంది? మీ తర్వాత ఎవరు చూస్తారు?" అని అడిగేవారు. పళ్ళ సెట్టుకీ నా నిద్రకీ ఏమిటండీ సంబంధం అని కొందరు నవ్వేవాళ్ళు. ఒకామె నవ్వబోయి భోరున ఏడ్చింది. ఆ తర్వాత, పూతకి గోరువెచ్చని నీళ్ళు కావాలి, కాస్త తెచ్చిపెడతారా అని ఆ మనిషిని వంటింట్లోకి పంపేవారు. పూతకి నీళ్ళూ అక్కర్లేదు, పాడూ అక్కర్లేదు. నీళ్ళు కాగడానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అయిదు నిమిషాల్లో మంచం మీది మనిషికి దగ్గరగా వంగి, "ఇప్పుడు చెప్పండి, ఎవరూ లేరు" అనేవారు. చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేవారు కాదు. ఏ గడియ ఎటువైపు ఉందో, కుర్చీ ఎటు తిరిగి ఉందో చూసేవారు. అనుమానం వస్తే అక్కడ గొడవ పెట్టుకునేవారు కాదు, తిన్నగా డాక్టరు దగ్గరికెళ్ళి చెప్పేవారు. డాక్టరు నర్సుని పంపడమో, బంధువులని పిలిపించడమో చేసేవాడు. ఇంటికెళ్ళి పళ్ళు చూసి రమ్మంటే కాపురాలు చూసొస్తున్నారని నేను ఎగతాళి చేసేదాన్ని. నవ్వేవారు. నవ్వి నన్నూ అడిగేవారు, నిద్రపోయావా అమ్మాయ్ అని.

మూడేళ్ళ కిందట వెనక గదిలో మైనం కరిగిస్తూ స్టూలు మీంచి పడిపోయారు. కుడిచెయ్యి చచ్చుబడింది. తర్వాత ఒక్కొక్కటే మర్చిపోవడం మొదలైంది. అత్తయ్య అప్పటికే లేదు. మా ఆయన సరుకు రైళ్ళు నడుపుతారు, వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప, ఆ రెండు రోజులూ నిద్రే. వదిన, అంటే మా ఆయన అక్క, వేరే ఊళ్ళో బడిలో గుమాస్తా. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. ఇక మిగిలింది నేను. వెనక గదిలో డాక్టరు పంపిన అచ్చులు, ముందు గదిలో మామయ్య.

మొదటి ఏడాది బాగానే చూశాను. ఈ మాట నా గొప్ప కోసం చెప్పడం లేదు, బాగా చూసినవాళ్ళకి కూడా ఇలా అవుతుందని చెబుతున్నాను.

ఆయనకీ కట్టుడు పళ్ళే, ఆ సెట్టు తీసి దాచేసేవారు. ఒకసారి చెప్పులో, ఒకసారి దిండు గలీబులో, ఒకసారి ప్లాస్టర్ సంచిలో. వెతికి వెతికి నా తలప్రాణం తోకకొచ్చేది. ఒక రోజు, పూత వేసి బిగించిన గంటకే మళ్ళీ దాచేస్తే, విసిగిపోయి ఓ డబ్బాలో పెట్టి బీరువా మీద పడేశాను. ఆ రోజు జావతో సరిపెట్టాను. పది నిమిషాల్లో అయిపోయింది. ఎంత హాయిగా అనిపించిందో! మర్నాడూ జావే. ఆయన స్నేహితుడు, సైకిల్ షాపాయన, రోజూ సాయంత్రం వచ్చి కూర్చునేవాడు. ఒకనాడు మామయ్య అతనితో, ఈ పిల్ల నాకు తిండి పెట్టడం లేదు అన్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పట్నుంచి అతనొచ్చినప్పుడల్లా మామయ్య పడుకున్నారని గుమ్మంలోంచే చెప్పి పంపేశాను. నాలుగు రోజులకి రావడం మానేశాడు. ఇంకో రోజు మామయ్య ఒంటిమీద చొక్కా లేకుండా వీధిలోకి వెళ్ళిపోతే, గది తలుపుకి బయటవైపు గడియ బిగించాను. నేను స్క్రూలు తిన్నగానే బిగించాను. ఆయన నేర్పిన చెయ్యి మరి.

ఇవన్నీ చేస్తున్నప్పుడు టీచరమ్మ నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. నమ్మితే నమ్మండి.

ఒక మంగళవారం పదకొండు గంటలకి జావ పట్టుకెళ్ళాను. వెనక గదిలో రెండు సెట్లు సాయంత్రానికి ఇవ్వాల్సినవి ఉన్నాయి. మామయ్య నోరు బిగించుకుని కూర్చున్నారు. బతిమాలాను, అరిచాను. చివరికి ఎడమచేత్తో ఆయన దవడ పట్టుకుని నొక్కాను. కావాలనే నొక్కాను. నోరు తెరిచారు, నేను చెంచా దూర్చేశాను, అది చిగురుకి తగిలి రక్తం వచ్చింది. ఆయన కేక వెయ్యలేదు, నా వైపు చూడను కూడా చూడలేదు. చిన్నపిల్లాడిలా మింగేశారు. నేను గుడ్డతో తుడిచాను. ఆయన చెంప మీద నా వేళ్ళ గుర్తులు ఎర్రగా కనపడుతున్నాయి.

అప్పుడే ఫోను మోగింది. ఆదివారం కాకపోయినా వదిన చేసింది. మొన్న మాట్లాడినప్పుడు నాన్న మాట ముద్దముద్దగా వచ్చిందనీ, సెట్టు వదులైనట్టుందనీ, అది నా చేతిలో పనే కాబట్టి కాస్త బిగించమనీ చెప్పింది. ఉన్న పని చాలదన్నట్టు ఇదొకటి అని గొణుక్కుంటూ ఫోను పెట్టేసి, గోధుమరంగు సంచి తెచ్చి మంచం మీద పెట్టి, స్టూలెక్కి బీరువా మీది డబ్బా దించాను. డబ్బా మీద దుమ్ము. మూత తీసి సెట్టుని వెలుగులోకి తిప్పాను.

ఎడమవైపు చివరి పన్ను మీద నీలం చుక్క ఉంది.

నేనే పెట్టాను. ఆయన దగ్గర నేర్చుకున్న అలవాటు కదా, కిందటిసారి పూత వేసినప్పుడు చెయ్యి దానంతటదే పెట్టేసింది. పూత పొట్లం మీద తారీఖు రాసుకున్నాను. లెక్కేస్తే నలభై మూడు రోజులు. స్టీలు డబ్బా, బీరువా, గడియ, మాట ముద్దగా వస్తోందన్న ఫోను. అన్నీ ఒక్కసారే కనపడ్డాయి. వేరే ఇంట్లో అయితే గుమ్మంలోనే పసిగట్టేదాన్ని.

ఇంతలో మామయ్య సంచిని చూశారు. ఎడమచెయ్యి చాచి దాన్ని దగ్గరికి లాక్కున్నారు. వంగిపోయిన వీపు కాస్త నిటారైంది. నన్ను చూసిన చూపులో నేను కోడల్ని కాను, ఏదో ఇంట్లో ఎవరో ఒకామెని. పళ్ళు లేని నోటితో, నాకు ప్రతి అక్షరం తెలిసిన ఆ మాటే అన్నారు.

"అమ్మా, గోరువెచ్చని నీళ్ళు కావాలి. కాస్త తెచ్చిపెడతారా?"

ఆయన నన్ను ఎప్పుడూ మీరు అనలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నె పొయ్యి మీద పెట్టాను. తలుపు వారగా నిలబడి చూశాను. ఆయన మంచం పక్క గోడకున్న అద్దం వైపు, అందులో కనపడుతున్న ముసలాయన వైపు వంగారు. గొంతు తగ్గించారు.

"ఇప్పుడు చెప్పండి. ఎవరూ లేరు."

జవాబు కోసం చాలాసేపు చూశారు. అద్దంలో మనిషి చెంప మీద గుర్తుల్ని చేత్తో తడిమారు. నాకు ఏడుపు ఆగలేదు. నీళ్ళు పట్టుకుని వెళ్తే గిన్నె పక్కన పెట్టించి, నన్ను కూర్చోమన్నారు. కూర్చున్నాను.

"మీరు నిద్రపోయి ఎన్నాళ్ళైందమ్మా?"

"గుర్తు లేదండీ" అన్నాను.

"మీ తర్వాత ఎవరు చూస్తారు?"

"ఎవరూ లేరండీ."

తల ఊపారు. డాక్టరుగారికి చెప్పాలి అని తనలో తను అనుకుంటూ సంచి తాడు బిగించబోయారు. ఒక్క చేత్తో ముడి పడలేదు. నేను వేసిపెట్టాను.

అప్పుడే, వచ్చిన ఆ కాస్త ధైర్యం చల్లారకముందే, వదినకి ఫోన్ చేశాను. "వదినా, సెట్టుకేం కాలేదు. నలభై మూడు రోజులుగా అది బీరువా మీద ఉంది. ఇందాక నేను మామయ్య నోటి నుంచి రక్తం తెప్పించాను. నా కోపం చెయ్యి దాటిపోతోంది. నువ్వు రా" అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడేదాన్ని. నీకిలా ఎప్పట్నుంచి ఉంది అని మాత్రం అడిగింది. మర్నాడు మధ్యాహ్నానికల్లా బస్సు దిగింది. డాక్టరుకి కూడా నేనే వెళ్ళి చెప్పాను, మామయ్య చెప్పాలన్నారు కాబట్టి.

అంతా సర్దుకుందని చెప్పను. మా ఆయన ఆఫీసులో పోట్లాడి రైల్వే యార్డు డ్యూటీకి మారారు, సాయంత్రానికి ఇంటికి వస్తున్నారు. ఆయనకి జీతం తగ్గింది, నాకు నిద్ర పెరిగింది. వదిన నెలకి రెండుసార్లు వచ్చి నాలుగేసి రోజులుంటోంది. వారానికి మూడు పూటలు ఒక నర్సు వస్తుంది. గడియ ఊడదీశాను, తలుపుకి నాలుగు చిల్లులు మిగిలాయి. వదిన ఇప్పటికీ ఒక్కోసారి నా చేతుల వైపు చూస్తుంది. చూసినట్టు తెలియనివ్వకూడదనుకుంటుంది గానీ నాకు తెలుస్తుంది.

సైకిల్ షాపాయన దగ్గరికి నేనే వెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పి, రమ్మని అడిగాను. ఇప్పుడు రోజూ సాయంత్రం వస్తున్నాడు. పొద్దున్న ఫలహారానికి ముందు మామయ్య పళ్ళు పెట్టి చుక్క పెడతాను. భోజనానికి గంట పడుతుంది, ఒక్కోరోజు గంటన్నర. సాయంత్రం సైకిల్ షాపాయన కళ్ళజోడు పెట్టుకుని, మామయ్యని నోరు తెరవమని, ఎడమవైపు చివరి పన్ను చూస్తాడు. చూడ్డం నేనే నేర్పాను. మొదట్లో మొహమాటపడ్డాడు, ఇదేం పనమ్మా, నీ మీద నాకు నమ్మకం లేదా అన్నాడు. నన్ను నమ్మొద్దని నేనే చెప్పాను.